పదహారు చదరపు అడుగులు

"ఓనర్ పేరు దగ్గర ఎవరి పేరు రాయాలె ఆంటీ?" అని రిషిత అడిగేటప్పటికి చాముండేశ్వరి బేస్‌మెంట్ బాత్రూంలో మోకాళ్ళ మీద కూర్చుని, షవర్ కింద జాలీలో ఇరుక్కున్న జుట్టును తీగ కొక్కెంతో పైకి లాగుతోంది. నలుగురు ఆడపిల్లల తలవెంట్రుకలు సబ్బు జిడ్డుతో కలిసి తాడులా పేనుకుపోయాయి. లాగేకొద్దీ వస్తున్నాయి.

"దేనికమ్మా?" అంది తల తిప్పకుండానే.

"టాక్స్ ఫైల్ చేస్తున్న ఆంటీ. మేం కట్టిన రెంట్ చూపిస్తే ఒంటారియో గవర్నమెంట్ వాళ్ళు కొంచెం వాపస్ ఇస్తరంట. మా కాలేజీల ఫ్రీగా చేసి పెడుతున్నరు. ఓనర్ పేరు రాయాలె, ఒక రిసీట్ కూడా ఉంటే మంచిదన్నరు."

"నా పేరే రాయి. నెల నెలా నాకేగా పంపిస్తున్నారు."

అనేసింది గానీ, ఆ జుట్టు ఉండను కవర్లో వేసి మూతి ముడి వేస్తుంటే మొగుడి మాట గుర్తుకొచ్చింది. 'రిసీట్లూ గిసీట్లూ ఎవరికీ ఇవ్వకు. ఏదడిగినా సార్‌ని అడిగి చెప్తానని చెప్పు.' చేతులు కడుక్కుంటూ, "ఉండు రిషితా, సార్‌ని ఒకమాట అడిగి చెప్తాను" అంది.

రిషిత నవ్వింది. నిర్మల్ నుంచి వచ్చిన పిల్ల. పగలు కాలేజీ, సాయంత్రాలు డోనట్ల షాపులో పని. ఎవరినీ నొప్పించాలని నవ్వే రకం కాదు. "ఇల్లు మీదే కద ఆంటీ, మళ్ళ సార్‌ని అడుగుడేంది? ఆదివారం కల్లా ఇయ్యండి ప్లీజ్. సోమవారం నాది లాస్ట్ అపాయింట్‌మెంట్" అంటూ బ్యాగు తగిలించుకుని బస్సుకి పరిగెత్తింది.

ఇల్లు మీదే కదా. మెట్లెక్కుతుంటే ఆ మాట చాముండేశ్వరి వెంటే వచ్చింది. ఎందుకు కాదు? మిల్టన్‌లో ఈ టౌన్‌హౌస్ కొని మూడేళ్ళు కావస్తోంది. బేస్‌మెంట్‌కి నాలుగు మంచాలు ఎక్కడ చవగ్గా దొరుకుతాయో వెతికింది తను. స్టూడెంట్లు విమానాల నిండా దిగుతున్న ఏడాది అది. ఒక్క పరుపు ఖాళీ ఉందని గ్రూపులో పెడితే గంటలో నలభై మెసేజ్‌లు వచ్చేవి. "ఆడపిల్లల్నే పెడదాం, శుభ్రంగా ఉంచుతారు" అన్నాడు మహీధర్. శుభ్రంగా ఉంచేది ఎవరో తర్వాత తెలిసింది. మొదటిసారి మంచు చూసి బెదిరిపోయిన పిల్లలకి బూట్లు కొనిపించడం, హీటు చాలడం లేదంటే పైన తాము స్వెట్టర్లు వేసుకుని కిందికి పంపడం, సింకులో ఇడ్లీ పిండి కడిగి పైపు పూడుకుపోతే బాగుచేయడం, జ్వరమొస్తే మిరియాల చారు, ఏడిస్తే తోడు కూర్చోవడం, మంచు గడ్డకట్టకుండా పక్కమెట్ల మీద ఉప్పు చల్లడం. ఆ పనికి ఎవరూ పేరు పెట్టలేదు. మహీధర్ మాత్రం దోస్తుల ముందు, "మా బేస్‌మెంట్ అద్దె అంతా మా ఆవిడ అకౌంట్‌కే అండీ, మహారాణి ఆవిడ" అని నవ్వేవాడు. ఒకటో తారీకు మధ్యాహ్నం నలుగురి డబ్బూ ఆమె ఖాతాలో పడేది. సాయంత్రానికి ఆమె వేలితోనే అతని ఖాతాకి వెళ్ళిపోయేది. మహారాణి ఆ డబ్బుతో ఒక కాఫీ అయినా కొనుక్కున్న గుర్తు లేదు.

వంటింట్లో కౌంటర్ మీద గోధుమరంగు కవరు ఉంది. దాని మీద ఆమె పేరు. కవరు అప్పటికే చింపి ఉంది.

"నీకు ఉత్తరం వచ్చింది" అన్నాడు మహీధర్, అదేదో ఆమె చేసిన తప్పయినట్టు. ఇంటి నుంచి పనిచేసే రోజది. మెడలో హెడ్‌ఫోన్ వేలాడుతోంది. "టాక్స్ వాళ్ళు. పోయినసారి నీ రిటర్న్‌లో చూపించిన ఖర్చులకి రుజువులు కావాలట. లోన్ వడ్డీ, ప్రాపర్టీ టాక్స్, ఆ మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్. ఇల్లెవరిదో కాగితం కూడా."

"నా రిటర్న్‌లో అద్దె చూపించారా?"

"మరి? నీ జీతం తక్కువ, టాక్స్ తక్కువ పడుతుంది. నా దాంట్లో చూపిస్తే సగం దాకా వాళ్ళకే పోతుంది. బుర్ర ఉన్నవాడెవడైనా అదే చేస్తాడు. నువ్వే సంతకం పెట్టావ్‌గా?"

పెట్టింది. ప్రతి ఏప్రిల్‌లోనూ స్టవ్ దగ్గరికి లాప్‌టాప్ తెచ్చి, 'ఇక్కడ నొక్కు' అంటే తడి వేలు చీరంచుకో చున్నీకో తుడుచుకుని నొక్కింది. ఉత్తరం చేతిలోకి తీసుకుంది. తేదీ మూడు వారాల కిందటిది. ఈ మూడు వారాలూ ఈ కవరు అతని డ్రాయర్లో ఉండి, ఆమె సంతకం లేకుండా పని జరగదని తేలాకే వంటింటిదాకా వచ్చిందన్నమాట. వచ్చే వారంతో గడువు అయిపోతుంది.

"శనివారం అకౌంటెంట్ కోదండరామ్ గారి దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నా. ఇల్లు కొన్నప్పటి ఫోల్డర్ వెతికి ఉంచు" అన్నాడు. వెతకడం కూడా ఆమె పనే.

ఫోల్డర్ చలికోట్ల అలమరలో, పై అరలో ఉంది. శుక్రవారం డ్యూటీ నుంచి వచ్చాక, పాప స్నేహ స్కూల్ నుంచి రాకముందు, హాల్లో నేల మీద పరిచి కూర్చుంది. చాముండేశ్వరి బీకామ్. చీరాలలో మగ్గం మీద బతికిన ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెది. ఆ వీధిలో ఎవరికి బ్యాంకు కాగితం వచ్చినా, పింఛను ఫారం వచ్చినా, 'చదువుకున్నది నువ్వే కదమ్మా, కాస్త చూడు' అని తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టేవాళ్ళు. పదేళ్ళ వయసు నుంచీ వీధి మొత్తానికీ చదివి చెప్పింది. ఇక్కడ ఒక రిటైర్‌మెంట్ హోమ్ వంటింట్లో పని. పొద్దున ఆరింటికి ముసలివాళ్ళ ట్రేలు సర్దడం, పదకొండింటికి కడగడం. పేరు పొడుగని సూపర్‌వైజర్ ఆమె బ్యాడ్జీ మీద 'చామ్' అని అచ్చు వేయించింది. ఆ ముక్క వాళ్ళది, మిగతాది తనది అనుకుని ఊరుకుంది.

మొదట దొరికింది ఇన్సూరెన్స్ కాగితం. ఇల్లు కొన్నప్పుడు ధరలో ఇరవై శాతం తమ దగ్గర లేదు. అంతకంటే తక్కువ పెట్టి కొనేవాళ్ళు బీమా కట్టాలి. కట్టేది తాము, రక్షణ మాత్రం బ్యాంకుకి. రేపు తాము కిస్తీలు కట్టలేకపోతే బ్యాంకుకి నష్టం రాకూడదని. ప్రీమియం ముప్పైవేల పైచిలుకు డాలర్లను అప్పులోనే కలిపేశారు. కానీ ఆ ప్రీమియం మీద ఒంటారియో పన్ను ఉంటుంది, అది అప్పులో కలవదు, లాయర్‌కి రొక్కంగా ఇచ్చెయ్యాలి. ఆ వారం మహీధర్ ఖాతా ఊడ్చుకుపోయి ఉంది. "నీ దగ్గరేమన్నా ఉందా?" అని అడిగాడు. ఉంది. రెండువేల అయిదువందల చిల్లర. జీతాల లెక్కలు నేర్పే పేరోల్ సర్టిఫికెట్ కోర్సులో చేరదామని, ట్రేల పని డబ్బుల్లోంచి ఏడాదిన్నర దాచుకున్నది. "వచ్చే టర్ముకి చేరుదువుగానిలే" అన్నాడు. ఆ టర్ము ఇంకా రాలేదు. ఆమె చెక్కు నకలు బీమా కాగితం వెనకే పిన్ను గుచ్చి ఉంది.

దాని కింద దస్తావేజు. మూడో పేజీలో రెండు పేర్లు, రెండు గీతలు. మహీధర్ పేరుకెదురుగా తొంభై తొమ్మిది శాతం. చాముండేశ్వరి పేరుకెదురుగా ఒక శాతం.

అచ్చుతప్పేమో అనుకుంది ముందు. పేజీ వెలుతురు వైపు పెట్టి చూసింది. కింద ఉన్నది తన సంతకమే. చీరాల కాలేజీలో నేర్చుకున్న, చివర చిన్న మెలిక ఉన్న సంతకం. ఆ రోజు గుర్తొచ్చింది. కోవిడ్ రోజులు కాబట్టి లాయర్ వీడియోలో ఉన్నాడు. కుక్కర్ మూడో విజిల్ వేస్తోంది. "చదవక్కర్లేదు, అన్నీ ఫార్మాలిటీలే, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అంటూ మహీధర్ పేజీలు తిప్పుతుంటే తను కుక్కర్ వైపు చూస్తూ పెట్టేసింది. వీధి మొత్తానికి కాగితాలు చదివి పెట్టిన మనిషి, తన కాగితం ఒక్కటీ చదువుకోలేదు. మొగుడి మీద కోపం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సిగ్గు.

సాయంత్రం అన్నం వడ్డించింది, అత్తగారికి మాత్రలిచ్చింది. ఆ పేజీని మాత్రం విడిగా తీసి తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

కోదండరామ్ గారి ఆఫీసు మిసిసాగాలో, ఒక స్వీట్ షాపు పైన. టాక్స్ ఫైలింగ్‌కి చివరి వారం కావడంతో మెట్ల మీద దాకా జనం. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "కూర్చోండమ్మా" అని ముందు ఆమెకి కుర్చీ చూపించాడు. మహీధర్ మొదలుపెట్టాడు. మొత్తం ఇన్సూరెన్స్ ప్రీమియం ఒక్క ఏడాదిలోనే ఖర్చు కింద తీసేశానని, ఇక్కడికి రాకముందు డల్లాస్‌లో ఉన్నప్పుడు అలాగే చేసేవాళ్ళమని, అప్పుడు ఎవరూ ఏమీ అనలేదని.

"అది డల్లాస్ అండీ, ఇది మిల్టన్" అన్నాడు కోదండరామ్ గారు. "మనం కాపురం ఉండే ఇంటికి కట్టిన మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్ మీద ఇక్కడ పైసా తగ్గింపు రాదు. అద్దెకిచ్చిన భాగం మేరకే వస్తుంది. అది కూడా అయిదేళ్ళకి పంచి, ఏడాదికో ముక్క. మీరు పై అంతస్తుల్ని కూడా కలిపేశారు. అందుకే అడుగుతున్నారు. సరే, అది సరిచేద్దాం. ఇల్లు ఎవరి పేరున ఉంది?"

"ఇద్దరిదీ అండీ" అన్నాడు మహీధర్.

"సగం సగమా?"

మహీధర్ గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. చాముండేశ్వరి హ్యాండ్‌బ్యాగు తెరిచి ఆ పేజీ తీసి బల్ల మీద పెట్టింది. కోదండరామ్ గారు కళ్ళజోడు కిందికి దించుకుని చదివాడు. ఒకసారి ఆమె వైపు చూశాడు, మళ్ళీ కాగితం వైపు.

"వన్ పర్సెంట్ ఎందుకు పెట్టించారండీ?"

"ఆవిడ కోసమే సార్. బ్యాంకువాళ్ళకి ఆవిడ జీతం కూడా కలిస్తే గానీ లోన్ రాలేదు, పేరు పెట్టక తప్పలేదు. సగం పెడితే రేపు ఆవిడ పేరున రెండో ఇల్లు కొన్నప్పుడు, మొదటిసారి కొనేవాళ్ళకిచ్చే పన్ను రాయితీ, ఆ ఫస్ట్ టైమ్ బయ్యర్ బెనిఫిట్ పోతుందని, మా గ్రూపులో అందరూ ఇలాగే…"

"ఒక శాతం ఉన్నా ఓనర్ ఓనరే. ఆ బెనిఫిట్ ఆ రోజే పోయింది. మీ గ్రూపులో ఎవరూ చెప్పలేదా?" కోదండరామ్ గారు పెన్ను మూత పెట్టాడు. "ఇప్పుడు సమస్య అది కాదు. అద్దె ఆదాయం వాటాని బట్టి పోతుంది. నూటికి తొంభై తొమ్మిది మీది. ఆవిడ రిటర్న్‌లో చూపించిందంతా తీసి మీ రిటర్న్‌లో వేయాలి, వెనకటి ఏడాది కూడా. పన్ను పడుతుంది, వడ్డీ పడుతుంది."

"అద్దె హక్కు మొత్తం ఆవిడదేనని మేమిద్దరం అప్పుడే రాసుకున్నట్టు ఒక లెటర్ పెడితే?"

"అప్పుడే రాసుకున్నారా?"

"ఇప్పుడు రాసి…"

"వెనక తేదీ వేసిన కాగితం నా ఫైల్లో పెట్టనండీ. పైగా రేపు గట్టిగా అడిగితే సంతకం పెట్టినందుకు జవాబు చెప్పుకోవాల్సింది అమ్మగారు."

అప్పుడు చాముండేశ్వరి ఆ గదిలో మొదటి మాట మాట్లాడింది. "సార్, ఈ వాటాలు ఇప్పుడు మార్చుకోవచ్చా? సగం సగం?"

"లాయర్ దగ్గరికెళ్ళి మార్చుకోవచ్చమ్మా, బ్యాంకుకి ఒకమాట చెప్పి. ఆ రోజు నుంచి అద్దెలో సగం మీది, ఖర్చుల్లో సగం మీది. వెనక్కి మాత్రం వర్తించదు."

మహీధర్ లేచి నిలబడ్డాడు. "థాంక్స్ అండీ, ఆలోచించుకుని చెప్తాం."

కారు హైవే ఎక్కాక అన్నాడు. "అక్కడ ఆ ప్రశ్న అడగాల్సిన అవసరం ఏమొచ్చింది? బయటివాళ్ళ ముందు నన్ను దొంగని చేసి కూర్చోబెట్టావ్."

"నాకు తెలియంది అడిగాను."

"తెలిసి ఏం చేస్తావ్? నీకేమన్నా తక్కువ చేశానా? అసలు ఇక్కడి లా ఏంటో తెలుసా? రేపు విడిపోతే భార్యకి సగం ఇచ్చి తీరాలి. పేపర్ మీద ఒకటుంటే ఏంటి, యాభై ఉంటే ఏంటి?"

కిటికీ పక్కనుంచి ట్రక్కులు దూసుకుపోతున్నాయి. ఆమె వాటిని చూస్తూనే అంది. "విడిపోతే వచ్చే సగం నాకెందుకండీ? కలిసున్నప్పుడు కావాలి."

అతను రేడియో పెంచాడు.

ఇల్లు చేరాక చీకటి పడకముందే ప్రింటర్ మోగింది. కౌంటర్ మీద, ఆమె కూరలు తరిగే పలక పక్కన, ఒక కాగితం తెచ్చిపెట్టాడు. తేదీ 2021 ఆగస్టు. 'దస్తావేజులో వాటాలు ఏవైనప్పటికీ, బేస్‌మెంట్ అద్దె ఆదాయంపై పూర్తి హక్కు, పూర్తి బాధ్యత చాముండేశ్వరివే.' కింద అతని సంతకం. పక్కన ఖాళీ గీత.

"ఆ కోదండరామ్ పిరికివాడు. అతనితో పన్లేదు, మనమే పంపేద్దాం. సోమవారం పోస్ట్ చెయ్యాలి. పెట్టేయ్."

"తేదీ…"

"ఫార్మాలిటీ చామూ. నీకిష్టం వచ్చినట్టు చదవకు, చెప్పింది చెయ్. వేలకి వేలు నెత్తిన పడతాయి. పాప స్విమ్మింగ్ క్లాసులు ఆపుదామా? మా అమ్మని తిరుగు విమానం ఎక్కించమంటావా?"

సోఫాలో ఫోన్ చూసుకుంటున్న అత్తగారు భ్రమరాంబ తల ఎత్తింది. తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద వచ్చి ఏడాదైంది. "ఏమ్మాయ్, సంతకం పెడితే చెయ్యేమన్నా అరిగిపోతుందా? మొగుడికి అంతంత పన్ను పడుతుంటే చూస్తూ కూర్చుంటావా? వాడు కష్టపడేది ఎవరి కోసం? మా రోజుల్లో అయితే కాగితం మడత కూడా విప్పేవాళ్ళం కాదు."

చాముండేశ్వరి కాగితాన్ని తడి తగలకుండా జరిపి, బెండకాయలు తరగడం మొదలుపెట్టింది. హక్కు నీదంటున్నాడు. మూడేళ్ళలో ఒక్క సాయంత్రమైనా తన ఖాతాలో నిద్రపోని డబ్బు మీద హక్కు. బాధ్యత నీదంటున్నాడు. అది మాత్రం నిజం, బాధ్యత ఎప్పుడూ ఆమెదే, దానికి సంతకం కూడా అక్కర్లేకపోయింది. ఇల్లు కొనేటప్పుడు బ్యాంకుకి చూపించడానికి ఆమె జీతం కావాలి. బీమా పన్నుకి ఆమె చెక్కు కావాలి. పన్ను తగ్గించుకోవడానికి ఆమె పేరు కావాలి. ఇప్పుడు తప్పు మొయ్యడానికి ఆమె సంతకం కావాలి. ఇల్లు రాసేటప్పుడు మాత్రం నూటికి ఒకటి. ఇవ్వకపోయినా ఇంత బాధ ఉండేది కాదేమో. కూర్చుని, లెక్కేసి, 'దీనికి ఇంత చాలు' అని ఎవరో కొలిచి పెట్టినట్టుంది. కొలిచినవాడు పదమూడేళ్ళుగా పక్కన పడుకునే మనిషి. అతను చెడ్డవాడు కాదు. చెయ్యెత్తడు, తాగడు, ఆమె పుట్టినరోజుకి కేకు తెస్తాడు. అందుకే ఇన్నాళ్ళూ ఏ కాగితమూ చదవాలనిపించలేదు. మంచివాడనే నమ్మకం మీద ఎంత పని జరిగిపోతుందో అని ఆశ్చర్యం వేసింది.

వేలు తెగింది. పెద్దదేం కాదు. పంపు కింద పెట్టింది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే కాఫీ పెడుతుంటే ఎందుకో ఆ లెక్క తోచింది. ఈ ఇల్లు పదహారువందల చదరపు అడుగులు. అందులో నూటికి ఒకటంటే పదహారు. పాప క్రాఫ్ట్ డబ్బాలోంచి కొలత టేపు తీసి నేల మీద పరిచింది. నాలుగడుగులు ఇటు, నాలుగడుగులు అటు. స్టవ్ అంచు నుంచి సింకు దాకా, సింకు నుంచి ఫ్రిజ్ తలుపు దాకా. అచ్చం తను నిలబడే చోటు. అక్కడ టైల్స్ కూడా మిగతా నేల కంటే వెలిసిపోయి ఉన్నాయి.

"అమ్మా, వాట్ ఆర్ యూ మెజరింగ్?" స్నేహ సీరియల్ గిన్నెతో నిలబడి ఉంది.

"నా ఇల్లు, తల్లీ."

పాప నేల వైపు చూసి, అమ్మ వైపు చూసి, "దట్స్ జస్ట్ ద కిచెన్" అని భుజాలెగరేసి వెళ్ళిపోయింది.

అత్తగారు బల్ల దగ్గర చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఇదంతా విని, గొంతు తగ్గించి అడిగింది. "నిజంగా నూటికి ఒకటేనా రాశాడు?"

"ఒకటే అత్తయ్యా."

ఆవిడ చేతిలో కాయ ఆగింది. "మీ మావయ్య అదీ రాయలేదు" అంది. మళ్ళీ ఈనె తీసింది. నిన్న సాయంత్రం అన్న మాటలు మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

చాముండేశ్వరి టేపు చుట్టేసి, పాప నోట్‌బుక్కులోంచి ఒక తెల్ల కాగితం తెచ్చుకుంది. ముందు రిషిత రిసీట్ రాసింది. ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఎంత. ఓనర్ల పేర్లు దగ్గర ఒక్క క్షణం ఆగి, దస్తావేజులో ఉన్నది ఉన్నట్టు రాసింది: మహీధర్, తొంభై తొమ్మిది శాతం, చాముండేశ్వరి, ఒక శాతం. సంతకం పెట్టింది. బీకామ్‌లో మొదటి మార్కు తెచ్చుకున్న చేతిరాత.

ఆ తర్వాత మహీధర్ పెట్టిన కాగితం తీసుకుంది. దాని ఖాళీ గీత మీద ఏమీ పెట్టలేదు. వెనక్కి తిప్పి, పైన ఈ రోజు తేదీ వేసింది. ఆలోచించి ఆలోచించి, కొట్టివేతల్లేకుండా రాసింది. గత అద్దె దస్తావేజు ప్రకారమే ఎవరి రిటర్న్‌లో వాళ్ళం చూపిస్తాం. రిటర్న్‌లు కోదండరామ్ గారే వేస్తారు. లాయర్ దగ్గర ఇల్లు సగం సగం రాయించుకుంటాం. అది జరిగే దాకా అద్దెలో నూటికి తొంభై తొమ్మిది వంతులు మహీధర్‌కి, ఒక వంతు చాముండేశ్వరికి; బేస్‌మెంట్ పని కూడా అదే వాటా. కింద సంతకం పెట్టింది. పక్కన అతని కోసం ఒక గీత గీసింది.

రిషిత పైకి వచ్చి రిసీట్ తీసుకుంది. చదివి కనుబొమలు ముడిచింది. "గిట్ల కూడ ఉంటదా ఆంటీ?"

"ఉంటుందమ్మా. నీకు ఉద్యోగమొచ్చి, ఇల్లు కొనుక్కున్న రోజు ముందుగా మూడో పేజీ చదువు."

ఆ పిల్ల మెట్ల మీద మహీధర్ అడుగుల చప్పుడు విని, "థాంక్స్ ఆంటీ" అని కిందికి వెళ్ళిపోయింది.

"ఏం రాసిచ్చావ్ ఆ అమ్మాయికి?" మహీధర్ కళ్ళు ఇంకా నిద్రమత్తులోనే ఉన్నాయి, గొంతులో మాత్రం ఆ మత్తు లేదు.

"దస్తావేజులో ఉన్నదే."

"నీకు మతిగానీ పోయిందా? అది రేపు వాళ్ళు ఫైల్ చేస్తే మనం పంపే లెటర్ అబద్ధమని తేలదూ?"

"అది అబద్ధమేగా. మనం పంపడం లేదు."

అతను కౌంటర్ మీద కాగితం అందుకున్నాడు. ముందువైపు ఖాళీ గీత చూశాడు, మొహం ఎర్రబడింది. వెనక్కి తిప్పాడు. రెండు వరుసలు చదివి తల్లి వైపు చూశాడు. "చూశావా అమ్మా, ఈవిడ…" భ్రమరాంబ చిక్కుడుకాయల గిన్నెలోంచి తల ఎత్తలేదు. అతను ఒక్కడే ఆ కాగితం పట్టుకుని నిలబడిపోయాడు, ఇంట్లో తనది కాని చోటేదో తొక్కినవాడిలా.

"ఇప్పుడు దీనికి నేను సంతకం పెట్టకపోతే?"

"తొందరేం లేదు. చదివే పెట్టండి" అంది చాముండేశ్వరి.

కాఫీ గ్లాసు తీసుకుంది. ఎక్కడికీ వెళ్ళలేదు, స్టవ్‌కీ సింకుకీ మధ్యనే స్టూలు వేసుకుని కూర్చుంది. పేరోల్ కోర్సు జూన్‌లో మొదలవుతుంది, నిన్న ఫోన్‌లో చూసింది. ఫీజు పెరిగింది. అయినా సరే.

అప్పుడు కింద నుంచి రిషిత కేక వినిపించింది. "ఆంటీ! షవర్ల నీళ్ళు మళ్ళ పోతలేవు!"

చేతులు అలవాటుగా స్టూలు అంచు పట్టుకుని లేవబోయాయి. ఆపుకుంది. సింకు కింద అర తెరిచి, తీగ కొక్కెం తీసి, అతను పట్టుకున్న కాగితం పక్కనే కౌంటర్ మీద పెట్టింది. మెట్ల వైపు తిరిగి, పిల్లలందరికీ వినపడేలా బదులిచ్చింది.

"ఒక్క నిమిషం ఉండమ్మా. ఓనర్ గారు వస్తున్నారు."